రెండు నిమిషాలు ఆలోచించుకోనివ్వండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్న జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, ఇంకేం చదవాలి?" అప్పటికే వాళ్లు ట్రీలు, గ్రాఫులు, డైనమిక్ ప్రోగ్రామింగ్ అన్నీ రెండేసి సార్లు తిరగేసి ఉంటారు. కోడింగ్ ప్రశ్నలు సాధన చేసే సైటు లీట్‌కోడ్‌లో బోలెడన్ని ప్రశ్నలు చేసి ఉంటారు. తమ గదిలో కూర్చుంటే అరగంటలో రాసేసే కోడ్, ఇంటర్వ్యూలో ముప్పావుగంట గడిచినా సగానికి రాదు. కాల్ అయిపోయిన పది నిమిషాలకు, మంచినీళ్లు తాగుతుంటే జవాబు దానంతట అదే తడుతుంది. ఆ తర్వాత మొదలవుతుంది అనుమానం: నాకసలు ప్రోగ్రామింగ్ వచ్చా అని.

నన్ను బాధపెట్టేది ఆ అనుమానమే. బాగా పనిచేసే మనుషుల్ని, నా పక్కన కూర్చుని చిక్కు బగ్గులు విప్పిన మనుషుల్ని ఈ అనుమానం నెలల తరబడి తినేయడం చూశాను. వాళ్లకు చదువు తక్కువై కాదు. ఎవరో కళ్లప్పగించి చూస్తుండగా ఆలోచించడం అనేది వేరే పని. కోడ్ రాయడం ఎంత బాగా వచ్చినా ఆ పని విడిగా నేర్చుకోవాల్సిందే. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి దీని మీద ఒక ప్రయోగం చేశారు. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్ని తీసుకున్నారు. కొందరిని వైట్‌బోర్డు ముందు నిలబెట్టి, ఎదురుగా ఇంటర్వ్యూయర్‌ని ఉంచి, ఆలోచనను పైకి చెబుతూ రాయమన్నారు. మిగతావాళ్లకు వైట్‌బోర్డు, ప్రశ్న ఇచ్చి గదిలో ఒంటరిగా వదిలేశారు. ఎవరో చూస్తున్నారన్న ఆ ఒక్క తేడాతో పనితీరు సగానికి పైగా పడిపోయింది. ఇంటర్వ్యూయర్ ఎదురుగా రాసిన అమ్మాయిల్లో ఒక్కరూ గట్టెక్కలేదు. ఒంటరిగా రాసిన అమ్మాయిలందరూ గట్టెక్కారు. ఆ గుంపులో అమ్మాయిలు కొద్దిమందే కాబట్టి దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు. అయినా అది చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను. నాతో పనిచేసి, ఇంటర్వ్యూల్లో వరసగా రిజెక్ట్ అయి, చివరికి ఈ రంగమే వదిలేసిన ఇద్దరు ముగ్గురి ముఖాలు గుర్తొచ్చాయి.

మనస్తత్వ శాస్త్రంలో ఇది కొత్త సంగతేం కాదు. రాబర్ట్ జాయన్స్ అనే ఆయన 1965లోనే పాత ప్రయోగాలన్నీ ఒకచోట చేర్చి చూసి చెప్పాడు: బాగా అలవాటైన పనిని నలుగురి ముందు ఇంకా బాగా చేస్తాం, కొత్తగా ఆలోచించాల్సిన పనిని నలుగురి ముందు ఇంకా ఘోరంగా చేస్తాం. మన కోడింగ్ రౌండ్ ఈ రెండో రకం. ఎప్పుడూ చూడని ప్రశ్న ఇస్తారు, గడియారం పెడతారు, ఎదురుగా కూర్చుని చూస్తారు. ఆ ప్రశ్న మనకు ముందే తెలిసి ఉంటే మాత్రం అది మొదటి రకంలోకి వెళ్లిపోతుంది, ఝాం అని రాసేస్తాం. అంటే చాలాచోట్ల నెగ్గుతున్నది అదే ప్రశ్నను ముందే చూసినవాళ్లు. ఆలోచించగలవాళ్లను వెతకడానికి పెట్టిన పరీక్షలో ఇలా జరగడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడొక మంచి ఇంటర్వ్యూ గురించి చెప్తాను. నా పద్ధతి మారింది అక్కడి నుంచే.

బ్యాకెండ్ (సర్వర్ వైపు పని) ఉద్యోగం, రెండో రౌండ్. ఇంటర్వ్యూయర్ మొదట అడిగింది "ఏ భాషలో రాస్తారు?" అని. జావా అన్నాను. తర్వాత ప్రశ్న స్క్రీన్ మీద పెట్టాడు. క్రమంలో ఉన్న జాబితాలో ఒక అంకెను వెతకాలి, బైనరీ సెర్చ్ (ప్రతిసారీ జాబితాను సగానికి తగ్గించుకుంటూ వెతికే పద్ధతి) రాయండి అని. పెట్టి, ఇలా అన్నాడు: "మొదటి రెండు మూడు నిమిషాలు నేనేం మాట్లాడనండి. మీరూ మాట్లాడక్కర్లేదు. కాగితం మీద గీసుకోండి. సిద్ధమయ్యాక చెప్పండి, మొదలుపెడదాం." తన మైకు మ్యూట్ చేసుకున్నాడు.

అంతకుముందు ఏ ఇంటర్వ్యూలోనూ నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. ఛాతీ మీది బరువు ఎవరో దించినట్టైంది. కాగితం మీద చిన్న జాబితా వేసుకున్నాను, మొదలు ఎక్కడ, చివర ఎక్కడ, మధ్యది ఎలా కదులుతుందో గీసుకున్నాను. రెండే అంకెలున్న జాబితా, ఒక్కటే ఉన్నది, ఖాళీది, వెతికే అంకె అసలు లేనిది, అన్నీ రాసుకుని మొదలుపెట్టాను.

కోడ్ అయ్యాక ఆయన డ్రై రన్ చేయించాడు, అంటే ఉదాహరణలు తీసుకుని కోడ్‌ని నోటితోనే నడిపించి చూడటం. అన్నీ సరిగ్గా వచ్చాయి. అప్పుడు అడిగాడు: "ఈ జాబితాలో 100 కోట్లకు పైగా అంకెలున్నాయనుకోండి. మీ కోడ్‌లో ఏ లైను ముందు పడిపోతుంది?" నేను ఆగిపోయాను. ఆయన కూడా ఆగాడు. హింట్ ఇస్తానని తొందరపడలేదు, ముఖం చిట్లించలేదు, గడియారం చూడలేదు. కోడ్‌ని లైను లైనుగా చూసుకుంటూ వచ్చి మధ్య స్థానం లెక్కకట్టే చోట నిలిచాను. మొదలు, చివర రెండింటినీ కూడి రెండుతో భాగిస్తున్నాను. జావాలో మామూలు పూర్ణసంఖ్యకు హద్దు 214 కోట్ల చిల్లర. రెండు పెద్ద స్థానాల్ని కూడితే ఆ హద్దు దాటి నెగటివ్ అయిపోతుంది, ఆ నెగటివ్ స్థానంలో వెతకబోతే ప్రోగ్రామ్ పడిపోతుంది. రెండింటి తేడాను సగం చేసి మొదలుకు కలిపితే ఈ బెడద ఉండదు. ఆ లైను అలా మార్చాను.

ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. ఈ లెక్క వెనకున్న కథ అప్పుడు చెప్పాడు. బైనరీ సెర్చ్ గురించి 1946లోనే మాట్లాడుకున్నారట. అయినా ఎంత పొడవు జాబితాకైనా సరిపోయే రూపం అచ్చులోకి రావడానికి పదేళ్ల పైనే పట్టింది. అంతా అయిపోయిందనుకున్నాక, నేనిప్పుడు పట్టుకున్న ఇదే తప్పు జావా సొంత లైబ్రరీలో సుమారు తొమ్మిదేళ్లు ఎవరికీ కనపడకుండా ఉండిపోయింది. 2006లో జోషువా బ్లాక్ దాని గురించి బహిరంగంగా రాశాడు. ఆ లైబ్రరీ కోడ్ రాసింది కూడా ఆయనే. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు అలాంటి హద్దు లేదు కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే పుట్టదు. భాష ఏదని ముందుగా అడిగింది అందుకేనని నాకప్పుడు అర్థమైంది.

ఆ రౌండ్‌లో ప్రశ్న చాలా పాతది, ఎవరైనా చదివి రాగలిగినదే. దాన్ని మంచి ఇంటర్వ్యూగా చేసింది ఆయన ఊరుకున్న తీరు. నా బుర్ర ఎలా నడుస్తుందో ఆయన నిజంగా చూశాడు, చూసేందుకు వీలు కల్పించుకున్నాడు. ఆ ఉద్యోగం వేరే కారణాల వల్ల కుదరలేదు. అయినా నా దృష్టిలో మంచి ఇంటర్వ్యూకి కొలత ఇప్పటికీ అదే.

ఆ తర్వాత నుంచి ఎవరూ ఇవ్వకపోయినా ఆ రెండు నిమిషాలు నేనే అడిగి తీసుకుంటున్నాను. జూనియర్లకు కూడా ఆ వాక్యం అచ్చంగా నేర్పిస్తాను: "ప్రశ్న అర్థమైందండీ. ఒక రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఆలోచించుకుని, తర్వాత నా పద్ధతి పైకి చెబుతాను, పర్లేదా?" వద్దన్నవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. చాలామంది "తప్పకుండా" అంటారు. ఆలోచన పైకి చెప్పమనడం వెనక వాళ్ల ఉద్దేశం మన దారి తెలుసుకోవడమే. ఆలోచిస్తూ మాట్లాడటం కష్టమైనవాళ్లు ఆలోచించాక మాట్లాడితే వాళ్లకు కావాల్సింది దొరుకుతుంది, మనకూ ఊపిరాడుతుంది.

ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ఒంటరిగా చెయ్యొద్దు. స్నేహితులెవరినైనా కాల్‌లో కూర్చోబెట్టుకుని, స్క్రీన్ షేర్ చేసి, వాళ్లు చూస్తుండగా రాయాలి. వాళ్లకు ప్రోగ్రామింగ్ రాకపోయినా పర్వాలేదు, ఒక జత కళ్లు కావాలి అంతే. జాయన్స్ చెప్పిన లెక్క ప్రకారమే చూసినా, చూపుల కింద రాయడం అలవాటైన పనిగా మారితే దాని భారం తగ్గాలి. నా విషయంలో తగ్గింది. మొదట్లో చేతులు వణికేవి, కర్సర్ ఎక్కడుందో కనిపించేది కాదు. అలా నెలల పాటు చేశాక టెన్షన్ మొదటి ఐదు నిమిషాలకు పరిమితమైంది.

ఇక చెడ్డ ఇంటర్వ్యూలు. కంపెనీ పేరుతో పనిలేదు గానీ ఒకదాని గురించి చెప్పాలి. ఇంటర్వ్యూయర్ కెమెరా ఆఫ్. నేను మాట్లాడుతున్నంతసేపూ అటువైపు నుంచి టకటకమని కీబోర్డు చప్పుడు. నేను చెప్పేది రాసుకుంటున్నాడో, ఎవరికైనా మెయిల్ కొడుతున్నాడో తెలియదు. ప్రశ్న: ఒక జాబితాలో ఏ రెండు అంకెలు కలిపితే ఇచ్చిన మొత్తం వస్తుందో కనిపెట్టాలి. జాబితా క్రమంలో ఉందా అని అడిగాను. "మీ ఇష్టం, ఎలాగైనా అనుకోండి" అన్నాడు. ఎంత పెద్ద జాబితా, మెమరీ ఎంత వాడుకోవచ్చు అని అడిగాను. "ముందు రాయండి." సరే, జాబితాను సార్ట్ చేసి (క్రమంలో పెట్టి), రెండు కొసల నుంచి లోపలికి వచ్చే పద్ధతి మొదలుపెట్టాను. ఒక్క లైను రాశానో లేదో, "ఇంతకన్నా మంచి పద్ధతి తెలియదా?"

ఆయన మనసులో ఉన్నది హ్యాష్ మ్యాప్, అంటే చూసిన అంకెల్ని వెంటనే వెతుక్కునేలా దాచుకునే పట్టిక. దాంతో ఒక్కసారి జాబితా మీద నడిస్తే చాలు, నిజమే. కానీ అంత మెమరీ అదనంగా కావాలి. నా పద్ధతిలో సార్టింగ్ ఖర్చుంది, అదనపు మెమరీ బాగా తక్కువ. ఏది మంచిదన్నది నేనడిగిన ఆ రెండు ప్రశ్నల జవాబు మీద ఆధారపడి ఉంటుంది, ఆ జవాబులే ఆయన ఇవ్వలేదు. ఇలాంటి చోట క్యాండిడేట్ చేయగలిగింది కొంచెమే. రెండు పద్ధతులూ నోటితో చెప్పి, వాటి లాభనష్టాలు చెప్పి, "మీకు ఏది రాయమంటారు?" అని సూటిగా అడగటం. నేనదే చేశాను. రిజెక్ట్ అని రెండ్రోజులకు మెయిల్ వచ్చింది, కారణం లేదు. ఆ కీబోర్డు చప్పుడు మాత్రం చాలారోజులు చెవుల్లో ఉండిపోయింది.

ఎదుటి మనిషి తన మనసులో ఉన్న ఒకే ఒక్క జవాబు కోసం కాచుక్కూర్చోవడం నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద లోపం. ప్రశ్న కష్టంగా ఉంటే ఎవరికీ నష్టం లేదు. జవాబుకు ఒకటే తలుపు పెడితే తెలివైనవాళ్లే ముందు తప్పిపోతారు.

సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో, అంటే ఒక పెద్ద సర్వీసును ఎలా కడతారో చెప్పమనే రౌండ్‌లో, ఈ బాధ కొంత తక్కువ, ఎందుకంటే అక్కడ ఒకటే జవాబు ఉండదని అందరూ ఒప్పుకుంటారు. నాకు ఇష్టమైన రౌండ్ కూడా అదే. పొడవాటి వెబ్ అడ్రసును పొట్టిగా చేసే సర్వీసు డిజైన్ చెయ్యమని చాలాచోట్ల అడుగుతారు. అరిగిపోయిన ప్రశ్న అంటారు గానీ, బాగా అడిగితే దానిలో ఎంతైనా లోతుంది. అక్షరాలు, అంకెలు కలిపి 62 గుర్తులు వాడి 7 స్థానాల కోడ్ చేస్తే సుమారు 3.5 లక్షల కోట్ల అడ్రసులు వస్తాయి, ఆ లెక్క చాలామంది కంఠస్థం చేసి వస్తారు. ఒకసారి ఒక ఇంటర్వ్యూయర్ నన్ను దాని గురించి అసలు అడగలేదు. "బ్రౌజర్‌కి 301 పంపుతారా, 302 పంపుతారా?" అని అడిగింది. ఇవి అడ్రసు మారిందని సర్వర్ బ్రౌజర్‌కి చెప్పే కోడ్‌లు. 301 అంటే శాశ్వతంగా మారింది అని. బ్రౌజర్ గుర్తు పెట్టుకుని తర్వాతిసారి నేరుగా అసలు అడ్రసుకే వెళ్లిపోవచ్చు. సర్వర్ మీద భారం తగ్గుతుంది, కానీ ఎన్నిసార్లు నొక్కారో లెక్క తెలియదు. 302 అంటే తాత్కాలికంగా మారింది అని, అప్పుడు ప్రతిసారీ మన దగ్గరికే వస్తుంది. అంటే ఇది టెక్నికల్ ప్రశ్నలా కనిపించే వ్యాపార ప్రశ్న. "ఈ సర్వీసు డబ్బు సంపాదించేది దేని మీద? క్లిక్కుల లెక్క అమ్మడం మీదా?" అని నేను ఎదురు ప్రశ్న వేశాను. అక్కడి నుంచి ఇద్దరం గంట సేపు కబుర్లు చెప్పుకున్నట్టు మాట్లాడుకున్నాం, మధ్యలో క్యాషింగ్ (తరచూ అడిగేవాటిని దగ్గర దాచుకోవడం), డేటాబేస్‌ను ముక్కలుగా పంచుకోవడం అన్నీ అవే వచ్చాయి. పరీక్ష రాస్తున్నానన్న సంగతే మర్చిపోయాను.

నా స్నేహితురాలి సంగతి చెప్పకపోతే ఈ పోస్టు రాసి ప్రయోజనం లేదు. తను డేటాబేస్ మనిషి. వాళ్లమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మానేసి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ ప్రయత్నం మొదలుపెట్టింది. ప్రతి ఇంటర్వ్యూ ఒకే మాటతో మొదలయ్యేది: "ఈ గ్యాప్ ఏంటండీ?" చెప్పేది. అవతల "ఓహ్" అని చిన్న నిశ్శబ్దం. ఆ తర్వాత ప్రశ్నల్లో నమ్మకం తగ్గిపోయేది. జాయిన్‌లలో రకాలు చెప్పండి, వేర్ క్లాజుకీ హ్యావింగ్ క్లాజుకీ తేడా చెప్పండి అని కాలేజీలో అడిగేవే అడిగేవారు. తను తడబడేది. పదేళ్లుగా చేతులతో చేసిన పనిని నిర్వచనాలుగా చెప్పమంటే ఎవరైనా తడబడతారు. రాత్రి నాకు ఫోన్ చేసి, "నాకు అన్నీ పోయాయే" అని ఏడ్చేది. ఏమీ పోలేదని నాకు తెలుసు. తనకు నమ్మకం కలిగించే దారే నాకు తెలియలేదు.

ఒకచోట మాత్రం వేరేలా జరిగింది. గ్యాప్ గురించి ఒక్కమాటా అడగలేదు. స్క్రీన్ మీద ఒక క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) పెట్టారు, డేటాబేస్ దాన్ని ఎలా నడుపుతుందో చూపే ఎగ్జిక్యూషన్ ప్లాన్ పెట్టారు. "ఇది మా దగ్గర నిజంగా వచ్చిన సమస్య. మొదట్లో వేగంగానే నడిచేది, డేటా పెరిగాక నిమిషాలు పడుతోంది. మీరైతే ఏం చేస్తారు? గూగుల్ చూసుకోవచ్చు, మాన్యువల్ చూసుకోవచ్చు" అన్నారు. తను ప్లాన్ చూడగానే పట్టేసింది. తారీఖు కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) ఉంది, కానీ షరతులో ఆ కాలమ్‌ని ఒక ఫంక్షన్‌లో చుట్టి పోలుస్తున్నారు. అందుకని డేటాబేస్ ఆ ఇండెక్స్‌ను వాడుకోలేక టేబుల్ మొత్తం చదువుతోంది. ఆ షరతును ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు లోపు అని మార్చి రాసింది. అంతటితో ఆగకుండా, ఇలా రాసిన క్వెరీలు మీ కోడ్‌లో ఇంకెన్ని ఉన్నాయో వెతకాలి అంది. తర్వాత నాకు ఫోన్ చేసినప్పుడు తన గొంతే వేరుగా ఉంది. ఆఫర్ ఇంకా రాలేదప్పటికి. వచ్చినా రాకపోయినా తన పని తనకు తిరిగి దొరికింది, ఆ గొంతులో అది వినిపించింది.

ఉద్యోగంలో చేసే పనినే ఇంటర్వ్యూలో ఇచ్చి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వెయ్యడం, ఈ రెండింటికీ గట్టి ఆధారాలున్నాయి. 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్, ఆయన సహచరులు కొన్ని దశాబ్దాల పరిశోధనల్ని మళ్లీ లెక్కగట్టారు. ఒక పద్ధతి ప్రకారం ముందే తయారు చేసుకున్న ఇంటర్వ్యూలకు, తర్వాత ఉద్యోగంలో పనితీరుకు ఉన్న సంబంధం సగటున 0.42 తేలింది (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం). వాళ్లు చూసిన పద్ధతులన్నిటిలో అదే పైన నిలిచింది. అప్పటికప్పుడు తోచింది అడిగే ఇంటర్వ్యూలకు 0.19. పజిళ్ల సంగతైతే అప్పట్లో గూగుల్‌లో నియామకాలు చూసిన లాజ్లో బాక్ 2013లోనే తేల్చేశాడు, అవి దేన్నీ ముందుగా చెప్పలేవని. అయినా గుండ్రటి మ్యాన్‌హోల్ మూత ఎందుకు అని ఇప్పటికీ అడిగేవాళ్లు నాకు తగులుతూనే ఉన్నారు.

ఇంటికిచ్చే అసైన్‌మెంట్ల గురించి రెండు మాటలు. ఎవరూ చూడకుండా, మన ఎడిటర్‌లో మనం రాసుకోవచ్చు కాబట్టి అవి నాకు నచ్చాలి. కానీ రెండు గంటల పని అని చెప్పి వారాంతమంతా మింగేవి ఎక్కువ. పిల్లలున్నవాళ్లకు, ఇంకో ఉద్యోగం చేస్తున్నవాళ్లకు ఆ వారాంతం ఎక్కణ్నుంచి వస్తుంది? ఒకచోట నేను పంపిన కోడ్‌కి జవాబే రాలేదు, చూశారో లేదో తెలియదు. ఇప్పుడు ముందే అడుగుతాను: ఎంత సమయం పెట్టమంటారు, దీన్ని ఎవరు చదువుతారు, దీని మీద నాతో మాట్లాడతారా? మూడోదానికి జవాబు కాదంటే నేను చెయ్యను.

ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాక అనుమానం ఇంకా పెరిగింది. కళ్లు పక్కకు తిప్పితే "ఎక్కడ చూస్తున్నారు?" అంటున్నారు, గది చుట్టూ కెమెరా తిప్పి చూపించమంటున్నారు. మోసం చేసేవాళ్లు ఉన్నారు, నేను ఇంటర్వ్యూలు చేసే ప్యానెల్‌లో ఉన్నప్పుడు నాకూ ఎదురయ్యారు. కానీ ఆలోచించేటప్పుడు కిటికీ వైపో, గోడ వైపో చూడటం మనిషికి సహజం. దాన్ని కూడా నేరంలా చూస్తే నిజాయితీగా వచ్చినవాళ్ల మీద చూపుల బరువు రెట్టింపవుతుంది. ఏఐ వాడుకోండి, అది రాసిన కోడ్‌లో తప్పు ఎక్కడుందో చెప్పండి, ఎందుకు తప్పో చెప్పండి అని అడిగేవాళ్లు నాకు మెరుగ్గా కనిపిస్తున్నారు. రోజూ ఆఫీసులో చేస్తున్నది కూడా అదే కదా.

ప్యానెల్‌లో కూర్చోవడం మొదలుపెట్టాక నేను కొన్ని పట్టుదలగా పాటిస్తున్నాను. మొదటి నిమిషంలోనే మౌనం గురించి చెప్పేస్తాను. నాకు బైనరీ సెర్చ్ ఇచ్చినాయన అన్న మాటల్నే దాదాపుగా వాడతాను. కెమెరా ఆన్‌లో ఉంచుతాను. నోట్స్ కాగితం మీద రాస్తాను, కీబోర్డు ముట్టుకోను. ముట్టుకోవాల్సి వస్తే "మీరు చెప్పింది రాసుకుంటున్నానండి" అని చెబుతాను. నా ప్రశ్నకు ఎన్ని రకాల సరైన జవాబులున్నాయో ముందే కూర్చుని రాసుకుంటాను. కొత్త దారిలో ఎవరైనా వస్తే ఆ దారిలోనే వెంట వెళ్తాను. ప్యానెల్‌లో మిగతావాళ్లతో మాట్లాడకముందే మార్కులు, కారణాలు రాసేస్తాను. ఒక సీనియర్ "నాకెందుకో నచ్చలేదు" అనగానే మిగతా ముగ్గురూ అటు ఒరిగిపోవడం కళ్లారా చూశాను. అలా పోయిన ఒక కుర్రాడు ఆ రోజు అందరికన్నా శుభ్రమైన కోడ్ రాశాడు. నేను గట్టిగా వాదించాను, ఫలితం లేకపోయింది. ఆ పేరు ఇంకా గుర్తుంది.

రిజెక్ట్ అయినవాళ్లకు కారణం చెప్పకపోవడం కూడా నాకు మింగుడుపడదు. న్యాయపరమైన చిక్కులంటారు, ఒప్పుకుంటాను. అయినా "మీ డిజైన్ బాగుంది, కోడ్‌లో ఎడ్జ్ కేసులు (ఖాళీ జాబితా లాంటి అరుదైన సందర్భాలు) తప్పాయి" అన్న ఒక్క వాక్యం మనిషికి నెలల అనుమానాన్ని తప్పిస్తుంది. నా చేతిలో ఉన్నంతవరకూ రిక్రూటర్‌కి ఆ వాక్యం రాసి ఇస్తాను, అది క్యాండిడేట్ దాకా చేరేలా వెంటపడతాను. కారణం చెప్పనివాళ్ల దగ్గర ఓడిపోయినప్పుడు మనం చేయగలిగేది ఒకటుంది. అదే సాయంత్రం, నిద్రపోకముందే, ఏం అడిగారు, ఏం చెప్పాం, ఎక్కడ ఆగాం అనేది రాసి పెట్టుకోవాలి. తెల్లారేసరికి భయం ఆ జ్ఞాపకాన్ని మార్చేస్తుంది, అంతా ఘోరంగా జరిగిందనిపిస్తుంది. కాగితం మీద చూస్తే ఎక్కువసార్లు ఆగింది ఒకటి రెండు చోట్లే.

మ్యాక్ వాడే డెవలపర్లకు హోమ్‌బ్రూ (సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే పనిముట్టు) తెలియకుండా ఉండదు. దాన్ని రాసిన మ్యాక్స్ హోవెల్ 2015లో ట్విట్టర్‌లో రాసుకున్నాడు: గూగుల్ ఇంజినీర్లలో ఎక్కువమంది తను రాసిన సాఫ్ట్‌వేర్ వాడతారట, కానీ బోర్డు మీద బైనరీ ట్రీని (రెండేసి కొమ్మలుగా అమర్చిన డేటాను) కుడి ఎడమలు తిరగెయ్యలేకపోయినందుకు తనను వద్దన్నారట. దాని మీద అప్పట్లో పెద్ద వాదనే నడిచింది. ఎవరిది ఒప్పన్నది నాకు ముఖ్యం కాదు. రిజెక్ట్ అయిన జూనియర్లకు నేను ఆ సంగతి చెబుతాను, ఎందుకంటే వాళ్లు రోజూ వాడే పనిముట్టును తయారుచేసిన మనిషికి కూడా ఆ గదిలో అదే జరిగిందని తెలిస్తే వాళ్ల భుజాలు కాస్త కిందికి దిగుతాయి.

చివర్లో "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు కదా. ఆ ఐదు నిమిషాలు చాలామంది వృథా చేస్తారు, "టీమ్ ఎంత పెద్దది?" అని అడిగి ముగిస్తారు. అప్పటిదాకా వాళ్లు మనల్ని చూశారు, ఇప్పుడు చూడటం మన వంతు. నేను ప్రతిచోటా ఒకటే అడుగుతాను: "ఈ మధ్య ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) ఎప్పుడు పడిపోయింది, ఆ రోజు ఏం జరిగింది?" కొందరు "మా దగ్గర అలాంటివి జరగవు" అంటారు. కొందరు టాపిక్ మారుస్తారు. ఒకచోట మాత్రం మేనేజర్ నవ్వి, కుర్చీ ముందుకు జరుపుకుని, పోయిన నెల ఒక కొత్త ఉద్యోగి తప్పు కాన్ఫిగరేషన్ పంపడంతో పేమెంట్లు ఆగిపోయిన సంగతి మొత్తం చెప్పాడు. వెనక్కి ఎలా తిప్పారో, మర్నాడు మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నారో చెప్పాడు. ఆ అబ్బాయిని ఏం చేశారని అడిగాను. "ఏం చేస్తామండీ, ఒక్కడే పంపేసే వీలు మేమే ఉంచాం కదా. ఇప్పుడు ఇంకొకరు చూడకుండా ఏదీ వెళ్లదు. ఆ చెక్ రాసింది కూడా అతనే" అన్నాడు. ఇంకోచోట ఆఫర్ చేతిలో ఉన్నా నేను అక్కడే చేరాను. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ల కోడింగ్ రౌండ్‌లు ఆ అబ్బాయీ నేనూ కలిసి తీసుకుంటున్నాం.